సందుల తాత, స్నానాల పడవ

ఆ ఊళ్ళో ఏరు ఎక్కడుందని కొత్తవాళ్ళెవరైనా అడిగితే, చూపించడానికి జనం కాస్త తడబడతారు. బస్టాండు దాటి, ఫోన్లు బాగుచేసే కొట్ల వెనక్కి వెళితే పెద్ద వంతెన ఒకటి కనిపిస్తుంది. దాని కింద సైకిళ్ళ స్టాండు, పాత టైర్ల దుకాణం, మధ్యాహ్నం పూట గుర్రుపెట్టి నిద్రపోయే ఆటోవాళ్ళు ఉంటారు. ఆ వంతెనని అంత ఎత్తున ఎందుకు కట్టారో వాళ్ళలో సగం మందికి తెలియదు. తమ నీడ కోసమే కట్టారనుకుంటారు.

ఏరు పోయింది గానీ దాని ఆనవాళ్ళు మాత్రం, ఖాళీ చేయమన్నా కదలని అద్దెవాళ్ళలా అక్కడక్కడా తిష్ట వేసుకునే ఉన్నాయి. రేవు వీధి ఉంది, రేవు లేదు. బట్టల కొట్టు పెరటి గుమ్మంలోంచి రాతిమెట్లు కిందికి దిగుతాయి, దిగి దిగి మట్టిలోకి దూరిపోతాయి. పాత గిడ్డంగి గోడకి మనిషి తల ఎత్తున ఇనుప కడియాలున్నాయి. ఒకప్పుడు వాటికి పడవలు కట్టేవారు, ఇప్పుడు తాడు కట్టి బట్టలారేసుకుంటున్నారు. ఏరు ఆఖరిసారి పొంగినప్పుడు గోడల మీద గీసిపోయిన నల్లటి చార ఇంకా ఉంది. దాని కింద ఎన్నిసార్లు సున్నం వేసినా నిలవదు, పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది. చేపల బజారులో ఇప్పుడు చెప్పులమ్ముతారు. చినుకు పడితే అక్కడ ఇప్పటికీ చేపల వాసన వస్తుందని సందుల తాత అనేవాడు. అది చెప్పుల వాసనేనని కొట్టువాళ్ళు అనేవారు.

వీటన్నిటిలోకీ పెద్ద ఆనవాలు, అందరి కాళ్ళకీ అడ్డంపడే ఆనవాలు, సందుల తాతే. ఇంట్లోవాళ్ళకి ఆయన తాత, బయటివాళ్ళకి సందుల తాత. ఆయన భార్యకి, అంటే అమ్మమ్మకి మాత్రం "ఏమయ్యోయ్". ఆ "ఓయ్" ఎంత పొడుగు సాగితే ఆవిడకి అంత కోపం వచ్చినట్టు.

సందుల తాత అంటే సందుగొందులు తిరిగేవాడని కాదు. పడవల సందులు పూడ్చడం ఆయన పని. కొయ్య పడవని ఎంత బాగా కట్టినా పలకకీ పలకకీ మధ్య సందు ఉండి తీరుతుంది. ఆ సందులో పేనిన నార పెట్టి, మొండి ఉలి ఆనించి, కొయ్య సుత్తితో కొడుతూ లోపలికి కూరాలి. పైన గుగ్గిలం నూనెలో కాచి పూయాలి. చెప్పడానికి ఇంతే. ఎంత కూరాలన్నదే అసలు పని. కొయ్య నీళ్ళు తాగుతుంది, తాగితే లావెక్కుతుంది, లావెక్కితే సందు దానంతట అదే బిగుస్తుంది. అందుకని తడిసిన పడవకి ఎంత గట్టిగా కూరినా ఫరవాలేదు. ఎండిన పడవకి గట్టిగా కూరితే మాత్రం, రేపు నీళ్ళలోకి దిగి పలకలు ఉబ్బినప్పుడు వాటికి చోటుండదు. ఒకదాన్నొకటి నెట్టుకుని, లోపలి వంపు కొయ్యల్ని విరిచేస్తాయి. ఆ కొయ్యల్ని పనివాళ్ళు ఎముకలంటారు.

తాతకి ఈ పని నేర్పింది ఆయన నాన్న. కొడుకు సుత్తి మరీ హుషారుగా ఆడించినప్పుడల్లా నెత్తిన ఒక్కటిచ్చి, "ఒరే, దానికి ఊపిరాడే చోటు వదలరా" అనేవాడట. ఆ మొట్టికాయలకే తన నెత్తి చదునైపోయిందని తాత చెప్పుకునేవాడు. టోపీ పెట్టుకున్నప్పుడు చూస్తే నిజమేననిపించేది.

అమ్మమ్మది అవతలి ఒడ్డు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ అలిగి పుట్టింటికి పోవాలంటే పడవ ఎక్కాలి. పడవవాళ్ళంతా తాత స్నేహితులు. "వదినా, పడవకి చిల్లి పడింది, మీ ఆయన్నే పూడ్చమన్నాం, సాయంత్రం దాకా కూర్చో" అని ఒడ్డున కూర్చోబెట్టేవారు. సాయంత్రానికి అలక చల్లారేది. ఏరు ఎండాక అవతలి ఒడ్డు కూరగాయలకి వెళ్ళొచ్చేంత దగ్గరైంది. ఏరు పోయి ఊళ్ళో లాభపడింది తన పెళ్ళాం ఒక్కతేనని తాత నలుగురిలో అనేవాడు. ఏం లాభం, అప్పటికి ఆవిడ పుట్టింట్లో తలుపు తీసే మనిషి లేడు.

ఏరు ఒక్కరోజులో పోలేదు. ఎగువన ఆనకట్ట కట్టారు, దానికి పైన ఇంకోటి కట్టారు. మొదట్లో నీళ్ళు ఆలస్యమయ్యాయన్నారు. తర్వాత సన్నబడ్డాయన్నారు. ఆ తర్వాత ఏరు పాయలైంది, పాయలు మడుగులయ్యాయి, మడుగుల్లో చేపలు వెల్లకిలా తేలాయి. ఇసుక లారీలు ఏటి నడిమధ్యకి దిగిన రోజున తాత ఒడ్డున నిలబడి, "అటు పోకండ్రా, అక్కడ లోతు!" అని కేకలు పెట్టాడు. డ్రైవర్లు నవ్వారు. కాసేపటికి తాతకీ నవ్వొచ్చింది. ఇంటికొచ్చి మాత్రం అన్నం ముట్టుకోలేదు.

పడవలు పొయ్యిల్లోకి పోయాయి. ఒకటి హోటలు ముందు పూలకుండీ అయింది. తాత మేడల కప్పులకి తారు పూసే పనికి కుదిరాడు. "ఇన్నాళ్ళూ కింద నుంచి వచ్చే నీళ్ళని ఆపాను, ఇప్పుడు పైనుంచి వచ్చేవాటిని ఆపుతున్నాను" అనేవాడు. కొన్నేళ్ళకి అవీ రావడం మానేశాయి. కప్పులు కారని ఊళ్ళో తారు పూసేవాడితో ఎవరికేం పని?

ఒక్క పడవని మాత్రం ఆయన పోనివ్వలేదు. అది రేవులోకెల్లా పెద్దది, తండ్రీ కొడుకులు కలిసి కట్టింది. దాని యజమాని ఊరు విడిచిపోతూ, "పొయ్యిలో పెట్టుకుంటావో నెత్తిన పెట్టుకుంటావో నీ ఇష్టం" అని వదిలేశాడు. తాత దాన్ని దుంగల మీద దొర్లించుకొచ్చి, పెరట్లో రేకుల పంచ కింద పడుకోబెట్టాడు.

పడవని ఎండనిస్తే సందులు నోళ్ళు తెరుస్తాయి. రోజూ తడపాలి. ఇంటికి వచ్చేదేమో వీధి కుళాయి నీళ్ళు. అందుకని తాత ఒక ఏర్పాటు చేశాడు. ఇంటిల్లిపాదీ స్నానం పడవలోనే చేయాలి. గిన్నెలు పడవలోనే తోమాలి, బట్టలు పడవలోనే ఉతకాలి. ఒక చివర గోనెపట్టాలు కట్టి మరుగు చేశాడు. ఎవరైనా బయట చేతులు కడిగినా, "ఆ నీళ్ళు దాని నోట్లో పోస్తే నీ సొమ్మేం పోయింది?" అని వెంటపడేవాడు.

కూతురి పెళ్ళయ్యాక కొత్తల్లుడు మొదటిసారి ఇంటికొచ్చి, స్నానాల గది ఎక్కడండీ అని అడిగాడు. అమ్మమ్మ తువ్వాలు చేతికిచ్చింది.

"ఎక్కు నాయనా. కుడిపక్క జారుతుంది, చూసుకో."

"ఎక్కడికెక్కాలి అత్తయ్యా?"

"పడవ నాయనా. భయపడకు, మునగదు. మునగడానికి నీళ్ళేవీ?"

అల్లుడు ఆ పూట స్నానం చేశాడో, పడవలో కూర్చుని ఆలోచించుకున్నాడో గానీ చాలాసేపటికి బయటికొచ్చాడు. తర్వాత అలవాటు పడిపోయాడు. మంచివాడు. ఆ ఇంట్లోనే ఉండిపోయి, నీళ్ళ ట్యాంకరు డ్రైవరుగా కుదిరాడు. తాతకి అల్లుడి మీద ప్రేమ ఉంటే "అల్లుడూ" అనేవాడు, కోపమొస్తే "అల్లుడు గారూ" అనేవాడు. గారు వినిపిస్తే అల్లుడు చొక్కా వేసుకుని బయటికి పోయేవాడు.

ఏళ్ళ తరబడి సబ్బు నురుగూ అంట్ల నీళ్ళూ తాగుతూ పడవ బతికింది. కొయ్య నల్లగా, చల్లగా, చెయ్యి వేస్తే గేదె వీపులా ఉండేది. తర్వాత కుళాయిలు ఆగిపోయాయి. ట్యాంకరు రావడం, వీధంతా బిందెలతో దాని మీద పడటం మొదలైంది. తాగడానికి, వండటానికి పోను మిగిలిన నీళ్ళతో తడిగుడ్డ పెట్టి ఒళ్ళు తుడుచుకోవడమే స్నానం. తుడుచుకున్న గుడ్డని తాత తీసుకెళ్ళి పడవ మీద పిండేవాడు. నాలుగు చుక్కలు పడేవి. పలకల మధ్య ముందు వెంట్రుకంత చీలిక వచ్చింది, తర్వాత గోరు పట్టేంత. ఒకరోజు పడవ కింది నేల మీద ఎండ చారలు చారలుగా పడింది. తాత చాలాసేపు ఆ చారల్ని చూస్తూ నిలబడ్డాడు.

"ఏమయ్యోయ్, ఏముందక్కడ?" అంది అమ్మమ్మ.

"ఏం లేదే. బల్లి అటు నుంచి ఇటు వచ్చింది" అన్నాడు.

అలా ఉండగా ఇంజనీరమ్మ వచ్చింది. మునిసిపాలిటీలో పార్కుల పని చూసే అమ్మాయి, తాత కూతురి కంటే చిన్నది. ఏటి గర్భంలో పార్కు వస్తోందని, రెండు పక్కలా అడ్డుగోడలు కట్టి మధ్యలో నీళ్ళు నిలబెడతారని, ప్రారంభానికి ఎగువ ఆనకట్ట నుంచి నీళ్ళు వదులుతారని చెప్పింది. ఈ పెరడు నడకబాట కిందికి పోతుందట. రేకుల పంచ తీసేయాలి.

"మరి ఇది?" అన్నాడు తాత, పడవ మీద చెయ్యి వేసి.

ఇంజనీరమ్మ వంగి చూసింది. చుట్టూ తిరిగింది. "ఇంత పెద్ద కొయ్య పడవ ఇంకా ఉందా ఈ ఊళ్ళో!" అంది. ఆ అమ్మాయి ముఖంలో నిజంగానే వెలుగొచ్చింది. "పెద్దాయనా, ఇది తేలుతుందా?"

"తేలకేం తల్లీ? ఇది తేలకపోతే ఇంకేం తేలుతుంది?"

పక్కనే బియ్యం ఏరుతున్న అమ్మమ్మ తలెత్తకుండానే, "ఇంట్లో మేం తేలుతున్నాంగా, చూట్లేదూ" అంది.

ఇంజనీరమ్మ నవ్వి, మాట ఖరారు చేసింది. ప్రారంభం రోజున ఈ పడవే ముందు నీళ్ళలోకి దిగుతుంది. తేలితే అది పార్కులోనే ఉంటుంది, దాన్ని చూసుకునే పని తాతదే. తేలకపోతే ప్లాస్టిక్ హంసపడవలు ఎలాగూ తెప్పిస్తున్నారు. దీన్ని కోసి కట్టెల కింద తీసుకుపోతారు. ఆ అమ్మాయి బెదిరించడానికి చెప్పలేదు, ఉన్నమాట చెప్పింది. తాత ఆ రోజు రెండుసార్లు గడ్డం గీసుకున్నాడు.

పడవని బతికించే పద్ధతి ఆయనకి తెలుసు. కొన్ని వారాల పాటు దాని కడుపులో నీళ్ళు నిలబెట్టి నానబెట్టాలి. కొయ్య తాగినంత తాగాక మిగిలిన సందులకే నార కూరాలి. ఇంట్లో అన్నీ ఉన్నాయి, నీళ్ళు తప్ప.

"అల్లుడు గారూ" అన్నాడు తాత.

అల్లుడు చొక్కా కోసం చెయ్యి చాచాడు.

"కోపం కాదయ్యా, గౌరవం. ఒక్క ట్యాంకరు ఇటు తిప్పు."

"మామయ్యా, మీరు అడిగేదేంటో మీకు తెలుస్తోందా? మనుషులకే లేక జుట్లు పట్టుకుంటున్నారు. పడవకి పోశానని తెలిస్తే నన్ను అదే పడవలో పెట్టి తగలబెడతారు."

"తగలబడదులే, తడిసి ఉంటుందిగా."

అల్లుడికి నవ్వొచ్చింది. నవ్వడమే అతను చేసిన తప్పు. వారం తిరక్కముందే, ఒక మధ్యాహ్నం వీధి మొత్తం ఇళ్ళల్లో ఉన్న వేళ చూసి, ట్యాంకరుని పెరటి వైపు నుంచి తెచ్చాడు. గొట్టం పడవలో పెట్టి విప్పాడు. నీళ్ళు పడవ అడుగున పరుచుకుని, సందుల్లోంచి కారుతూ, అయినా నెమ్మదిగా పైకి లేచాయి. కొయ్య నుంచి సన్నగా చప్పుడొచ్చింది, ఎండిన రొట్టె పాలు పీల్చినట్టు. తాత అంచు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళు తెరిచేసరికి గోడ అవతల ఒక బిందె కనిపించింది. బిందె కింద పక్కింటి కోడలు.

"పెద్దయ్యా, పడవకి పోస్తున్నారా నీళ్ళు?"

ఆ గొంతులో తిట్టు లేదు. తిట్టి ఉంటే తాత ఎదురు తిట్టి ఉండేవాడు. ఆవిడ చంకలో పసిదానికి చెమటకాయలు లేచి ఒళ్ళంతా ఎర్రగా ఉంది. ఆవిడ వెనక ఇంకో బిందె, దాని వెనక రెండు బకెట్లు, ఒక టీ కెటిలు. ఎవరో, "సందుల తాత ఇంట్లో ఏరొచ్చిందిరోయ్!" అని అరిచారు. పెరడు నిండిపోయింది.

అమ్మమ్మ గుమ్మంలో నిలబడి మొగుడి వైపు చూసింది. అననిదాన్ని ఆయన బాగానే విన్నాడు. గోడ మీదున్న చెంబు తీసుకుని, తనే పడవలోకి దిగి, నీళ్ళు తోడి బిందెల్లో పోశాడు. అడుగున మిగిలిన బురదనీళ్ళని కూడా ఒక ముసలాయన గుడ్డతో అద్ది గిన్నెలోకి పిండుకున్నాడు. "మొక్కకి పోస్తాను" అన్నాడు సిగ్గుపడుతూ.

సాయంత్రానికల్లా పడవ మళ్ళీ పొడిగా ఉంది. అల్లుడి ఉద్యోగం పోలేదు, వీధివాళ్ళెవరూ చెప్పలేదు గనక. ఇంకోసారి మాత్రం అడగొద్దని చేతులు జోడించాడు.

ఇక ఎండు కొయ్యకే నార కూరడం ఒక్కటే దారి. తాత మొదట సరైన తీరులోనే కూరాడు, వదులుగా, పలకలకి చోటు వదులుతూ. అమ్మమ్మ గుమ్మంలో కూర్చుని నార పేనింది. ఆ వారం ఇద్దరూ ఒక్కసారి కూడా పోట్లాడుకోలేదు. ఏదైనా జబ్బేమోనని కూతురికి అనుమానం వచ్చింది.

ఇంజనీరమ్మ చూడటానికి వచ్చింది. కూడా తెచ్చిన పనివాడి చేత ఒక బకెట్ నీళ్ళు పడవలో పోయించింది. నీళ్ళు అటూ ఇటూ ఊగి, సందుల్లోంచి ధారలు కట్టి, నేల మీదికి పోయాయి.

"కారుతోంది కదా పెద్దాయనా."

"కారాలి తల్లీ. నీళ్ళలో పెట్టాక రెండు మూడు రోజులు కారుతుంది. తర్వాత కొయ్య ఉబ్బి ఆగిపోతుంది."

"మరి ప్రారంభం నీళ్ళొచ్చిన మొదటి రోజే కదా. పెద్దవాళ్ళు ఎక్కుతారు. వాళ్ళ కాళ్ళు తడిస్తే నాకు ఉద్యోగం ఉంటుందా?" ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "నాకూ ఇదే తేలాలనుంది. మళ్ళీ వస్తాను. ఈసారి కారకూడదు. కారితే నా చేతుల్లో లేదు."

తాత నోరు విప్పాడు. ఎండు కొయ్యకి బిగించి కూరితే ఏమవుతుందో చెప్పేవాడే. నాలుక చివరి దాకా వచ్చింది. హంసపడవలు గుర్తొచ్చాయి, రంపాలు గుర్తొచ్చాయి. "సరే తల్లీ" అన్నాడు.

మర్నాటి నుంచి సుత్తి చప్పుడు మారిపోయింది. ఇదివరకు బుద్ధిగా, ఆగి ఆగి వినబడేది. ఇప్పుడు ఎవరినో కొడుతున్నట్టుంది. అమ్మమ్మ నార పేనడం ఆపి చూసింది.

"అంత బిగిస్తున్నావేమయ్యా? మీ నాన్న వద్దనేవాడుగా?"

"మా నాన్నకి ఏరుంది."

"ఎక్కువైతే విరుగుతుందనేవాడు."

"ముసలి కొయ్యే ఇది. ఉబ్బే ఓపిక దీనికింకా ఎక్కడిది? నువ్వూ నేనూ ఉబ్బుతున్నామా?"

"నా సంగతి ఎందుకులే" అంది అమ్మమ్మ. నార మాత్రం అందించింది.

ఇంజనీరమ్మ మళ్ళీ వచ్చి బకెట్ పోయించింది. ఒక్క చుక్క కారలేదు. ఆ అమ్మాయి తాత చేతులు పట్టుకుని ఊపేసింది. తాత నవ్వాడు. నవ్వుతూనే పడవ లోపలి ఎముకల మీద అరచెయ్యి పెట్టి, జ్వరం చూసినట్టు చూశాడు.

ప్రారంభం రోజున ఊరు ఊరంతా ఏట్లోకి దిగింది. గోడల మధ్య ఇసుక చదును చేసి పడవని ముందే అక్కడ పెట్టారు. నీళ్ళు మొదట వాసనగా వచ్చాయి, తర్వాత చప్పుడుగా, ఆ తర్వాత ప్లాస్టిక్ సీసాల్ని, కొబ్బరి డిప్పల్ని, ఎవరిదో ఒక కుర్చీని ముందు నడిపించుకుంటూ వచ్చాయి. మట్టిరంగు నీళ్ళు. తాత చెయ్యి పెట్టి చూశాడు.

"ఇది మన ఏరు కాదే" అన్నాడు అమ్మమ్మతో. "ఎవరో కొత్తమనిషి."

"వచ్చినదాన్ని రానీవయ్యా. గుమ్మంలోనే పేరడుగుతావేంటి?"

నీళ్ళు పడవ పక్కల్ని పట్టుకున్నాయి. పడవ ఒకసారి మూలిగింది, ఒక పక్కకి ఒరిగింది, లేచింది. జనం కేకలు పెట్టారు. తాత గెడ పట్టుకుని నిలబడ్డాడు. పెద్దమనుషులు ఎక్కారు, ఫొటోలు తీసుకున్నారు, దిగారు. కాళ్ళు తడవలేదు. తర్వాత పిల్లలెక్కారు, బిందెలతో వచ్చిన పక్కింటి కోడలు పసిదాన్నెత్తుకుని ఎక్కింది. ఆఖరున అమ్మమ్మ ఎక్కి, కొత్తపెళ్ళికూతురిలా చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుంది.

"ఎటు పోనివ్వమంటావు?" అన్నాడు తాత.

"అవతలి ఒడ్డుకి. అలిగి పోతున్నాను."

ఆయన ఆమెని అవతలి ఒడ్డుకి తీసుకెళ్ళి, తిప్పి తీసుకొచ్చాడు. తాత జీవితంలో చాలా ఏళ్ళుగా లేని మంచిరోజు అది. కానీ ఆ రోజంతా ఆయన చెవి ఒకటి పడవ అడుగు వైపే ఉంది.

ముసలి కొయ్యకి ఓపిక ఉండదన్న లెక్క తప్పింది. అన్నేళ్ళు దాహంతో మాడిన కొయ్య అది, ఆబగా తాగింది. మర్నాడు ఉదయం తాత పడవెక్కేసరికి పలకలు నల్లబడి, ఒకదానికొకటి ఒత్తుకుని, సందుల్లోంచి నార తాడులా బయటికి పొడుచుకొచ్చింది. లోపల ఎక్కడో "టిక్" మంది. ఎక్కి కూర్చున్నవాళ్ళలో ఒకాయన, "పాత పడవ కదండీ, మాట్లాడుతుంది" అన్నాడు మురిపెంగా.

"దిగండి" అన్నాడు తాత.

"ఇప్పుడేగా ఎక్కాం!"

"దిగండి బాబూ, మీ కాళ్ళు పట్టుకుంటాను, దిగండి!"

గొణుక్కుంటూ దిగారు. తాత వంకీ ఉన్న ఇనుప ఊచ తీసుకుని, తను కూరిన నారని తనే లాగడం మొదలుపెట్టాడు. లాగితే నీళ్ళు లోపలికొస్తాయి. వస్తే రానీ, ఎముకలు నిలిస్తే చాలు. నార రాలేదు. రెండు పలకలూ దాన్ని పళ్ళ మధ్య కరుచుకున్నట్టు పట్టుకున్నాయి. తాను కొట్టిన దెబ్బల్లో ఒక్కటి కూడా వదులుగా లేదు. ఆయన పనితనం అంత గట్టిది. గోళ్ళతో లాగాడు. గోళ్ళ చివర్ల నుంచి రక్తం కారింది.

ఒడ్డున ఒకడు ఫోను ఎత్తి పట్టుకుని, "ఈ ముసలాయనే చిల్లు పెడుతున్నాడు చూడండ్రా!" అన్నాడు.

ట్యాంకరు వంతెన మీద ఆపి అల్లుడు పరుగెత్తుకొచ్చేసరికి నడిమి ఎముక విరిగింది. పెద్ద చప్పుడేం కాలేదు, మెటికలు విరుచుకున్నంతే. తర్వాత పక్కది, దాని పక్కది. ఒక పలక విల్లులా వంగి, మేకుల్ని పీక్కుని బయటికి లేచింది. నీళ్ళు లోపలికి నడిచి వచ్చాయి. పడవ ఎటూ ఒరగకుండా, ఉన్నచోటే, మనిషి కుర్చీలో కూలబడినట్టు కూలబడింది.

నీళ్ళు తాత నడుము దాకా వచ్చి ఆగాయి. అక్కడున్న లోతే అంత. మునిగి చనిపోయేంత నీళ్ళయినా ఉంటే కొంత మర్యాదగా ఉండేది. నడుము లోతులో, విరిగిన పడవలో నిలబడి, రెండు చేతులతో పలకని దగ్గరికి అదుముతున్న ముసలాయన్ని చూసి జనం నవ్వారు. అందరూ కాదు. నవ్వినవాళ్ళ గొంతులే వినిపించాయి.

"మామయ్యా, దిగండి" అన్నాడు అల్లుడు నీళ్ళలోకి వస్తూ.

"ఎక్కడికి దిగమంటావు అల్లుడూ? దిగే ఉన్నానుగా."

ఇంజనీరమ్మ ఒడ్డున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. తాత ఆ అమ్మాయి వైపు చూసి, నీ తప్పేం లేదన్నట్టు తల ఊపాడు. అది నిజం కూడా.

నీళ్ళు పట్టుమని వారం కూడా నిలవలేదు. కొంత ఇసుక తాగేసింది, కొంత ఎండ తాగేసింది. మళ్ళీ వదలడానికి ఎగువవాళ్ళు ఒప్పుకోలేదు. రంపాలు పట్టుకుని పనివాళ్ళు వచ్చిన రోజున తాత బయటికి రాలేదు. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అమ్మమ్మ పక్కన కూర్చుని, కట్లు కట్టిన ఆయన వేళ్ళని ఒళ్ళో పెట్టుకుంది.

"నాకు తెలుసే" అన్నాడు. "కూరేటప్పుడే తెలుసు."

"నాకు తెలీదూ? నార పేనింది ఎవరు?"

"నీళ్ళు లేక ఇన్నేళ్ళు బతికిందే అది. వదిలేసినా బతికేది. నేనే చంపాను."

అమ్మమ్మ దానికి ఏదో ఒకటి అంటుందని ఆయన ఎదురుచూశాడు. ఆవిడ ఆయన వేళ్ళ కట్లు విప్పి, కాస్త వదులుగా మళ్ళీ కట్టింది.

ఆ తర్వాత తాత ఇంట్లో కూర్చుంటే మనిషి కాకుండా పోతాడని అల్లుడు రోజూ ట్యాంకరులో ముందు సీట్లో ఎక్కించుకుని తిప్పడం మొదలుపెట్టాడు. తాత ఎక్కమంటే ఎక్కేవాడు, దిగమంటే దిగేవాడు. ఏటి గర్భంలోంచి వేసిన కొత్త రోడ్డు మీదుగా పోతుంటే ఇదివరకైతే, ఇదిగో ఇక్కడ సుడి ఉండేది, అదిగో అక్కడ ఫలానావాడు ఈత నేర్చుకున్నాడు అని చెవులు చిల్లులు పడేలా చెప్పేవాడు. ఇప్పుడు కిటికీలోంచి చూడటం కూడా లేదు.

ఒకరోజు దారిలో అల్లుడు బండి ఆపి వెనక్కి వెళ్ళి చూశాడు. ట్యాంకరు అడుగున అతుకు విచ్చి, నీళ్ళు సన్నగా కారుతున్నాయి. కిటికీ దగ్గరికి వచ్చాడు.

"మామయ్యా, కాస్త వచ్చి చూడండి. మీరు ఓ పిడికెడు నార కూరారంటే ఇట్టే ఆగిపోతుంది. వీధికి వెళ్ళేసరికి సగం పోయేలా ఉన్నాయి."

తాత కదల్లేదు.

"మామయ్యా, మిమ్మల్నే."

"నాకు రాదు" అన్నాడు తాత.

అల్లుడు వేళాకోళం అనుకుని నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయాడు. ఎక్కి కూర్చుని బండి కదిలించాడు. రోడ్డు మీద కొంతదూరం తడి గీత పడుతూ పోయింది. వెనక వస్తున్నవాళ్ళు దాన్ని చూసి, "కారుతోందయ్యోయ్, కారుతోంది!" అని అరుస్తూనే ఉన్నారు.